మా నాన్న ముక్కంటి గడియారం

పోయిన నెల ఖమ్మంలో మా అన్న కొడుకు ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటే కుసుమంచి నుంచి బస్సెక్కి వెళ్ళాను. వ్రతమైంది, ప్రసాదం పుచ్చుకున్నాం, వచ్చిన చుట్టాలంతా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు, నేను మాత్రం మోకాళ్ళకు జడిసి ఆ పూటకు అక్కడే ఉండిపోయాను. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చి లేచేసరికి కిటికీ పక్కన బల్ల దగ్గర మా అన్న మనవరాలు, ఇంట్లో కూర్చునే కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే పిల్ల, కొరియర్లో వచ్చిన బుల్లి బుల్లి పొట్లాలు ఒక్కొక్కటే విప్పుకుంటూ కనిపించింది. ఏమిటమ్మా అవి అని అడిగితే, చేతికి పెట్టుకునే పాతకాలపు స్టాప్ వాచీ ఒకటి తన ముచ్చట కొద్దీ కూర్చుకుంటున్నానని చెప్పింది. లోపలి మిషను ఒక ఊరి నుంచి, పై కేసు ఇంకో దేశం నుంచి, డయలేమో తను చెప్పిన రంగులో వేయించి తెప్పించుకుందట. ఇట్లాంటిది అంగట్లో కొంటే దొరకదు, కూర్చుకోవాల్సిందేనట. వినగానే నా కడుపు నిండిపోయింది. మా నాన్న ముచ్చట ఎక్కడికీ పోలేదు, రామయ్యా అంతా నీ దయ, అనుకుంటూ ఆ పిల్ల పక్కన కూర్చుందామని వెళ్ళాను.

వెళ్తే అక్కడ ఖాళీ లేదు. పక్కన ఉన్న ఒక్క స్టూలు మీద మా వదిన కూర్చుని ఉంది, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలతో, ఆ పిల్ల భుజం మీదకు వంగి.

"గట్ల కాదు బిడ్డా. మరమేకును ముందుగాల ఎడమకు తిప్పు. టిక్కుమని తన గాట్ల తను కూసుంటది. గప్పుడు కుడికి బిగియ్యి."

ఆ పిల్ల తిప్పింది, టిక్కుమంది, బిగించింది. "అరె, అవ్! నీకెవరు నేర్పిండ్రు నానమ్మా?" అని నోరు తెరిచింది. మా వదిన తల కూడా ఎత్తకుండా "మా మామ" అంది. నేను తలుపు దగ్గర నిలబడే "మా నాన్న" అన్నాను, అవసరమైన దానికంటే కాస్త గట్టిగానే అన్నాను. ఇద్దరం చెప్పింది ఒక్క మనిషినే. కానీ వంటింట్లో పాత్రలు తోముతున్న కోడలు కూడా చేతులు ఆపి ఇటు చూసింది.

నా వయసు వాళ్ళకు చెప్పుకుంటే అర్థమవుతుంది. మన ఒంట్లో కొన్ని ఉడిగిపోతాయి, ఆకలి ఉడుగుతుంది, నిద్ర ఉడుగుతుంది, కోపం కూడా చాలామటుకు చల్లారుతుంది, కానీ మా వదిన మీద నాకున్న ఈ మంట మాత్రం దేవుడి ముందు అఖండదీపం లాగా ఇన్నేళ్ళూ ఒక్క తీరున వెలుగుతూనే ఉంది. ఆవిడ మంచిది. నా పిల్లల పెళ్ళిళ్ళకు ముందుండి పని చేసింది, మా అమ్మను కడదాకా కన్నబిడ్డలా చూసింది, అందుకు నేను రోజూ దండం పెట్టుకుంటాను. అయినా మండుతుంది. మర ముందు ఎడమకు తిప్పాలన్న ఆ ముక్క మా నాన్న మొట్టమొదట చెప్పింది నాకు.

మా నాన్నకు భద్రాచలంలో గుడికి వెళ్ళే దారిలో వాచీలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. కొట్టంటే పెద్ద కొట్టు కాదు, మా ఇంటి ముందు వసారాలోనే ఒక గాజు పెట్టె, ఒక బల్ల, దాని మీద దీపం. నాకు చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి, అది తగ్గాక మోకాళ్ళు వాచి నడవలేకపోయాను. బడికి పంపొద్దని డాక్టరు చెప్పాడు. మిగతా పిల్లలు పలకలు పట్టుకుని పోతుంటే నేను వసారాలో గోడకు ఆనుకుని ఏడ్చేదాన్నట. అప్పుడు మా నాన్న నన్ను ఎత్తి తన బల్ల పక్కన పీట మీద కూర్చోబెట్టుకున్నాడు. నా చదువంతా అక్కడే. అక్షరాలు పంచాంగం మీద, అంకెలు డయళ్ళ మీద, ఇంగ్లీషు కంపెనీల పేర్ల మీద, కూడికలు తీసివేతలు గంటలు నిమిషాల మీద. ఆ జ్వరం రాకపోతే నేనూ అందరిలా బడికి పోయి అందరిలా ఉండేదాన్ని. అందుకే ఆ జ్వరానికి కూడా నేను దండం పెట్టుకుంటాను.

ఆ బల్ల దగ్గర నాకొక ఉద్యోగం ఉండేది. వాచీ పని చేసేవాళ్ళకు పెద్ద శత్రువు నేల. చీమ తలంత మర చిమ్టా నుంచి జారి కింద పడిందంటే ఇక అది దొరకదు. అందుకని మా నాన్న పాత పంచె ముక్క ఒకటి తీసుకుని దాని ఒక అంచును బల్ల అడుగున చిన్న మేకులతో కొట్టాడు. రెండో అంచు పక్కన కూర్చున్న మనిషి నడుముకు దోపుకోవాలి. బల్లకూ మనిషికీ మధ్య ఉయ్యాల లాగా ఆ గుడ్డ వేలాడుతుంది, పడిందేదైనా అందులోనే పడుతుంది. దాన్ని మేము ఒడిగుడ్డ అనేవాళ్ళం. దాని రెండో అంచు నాది. అది దోపుకున్నాక లేవకూడదు, గట్టిగా నవ్వకూడదు, తుమ్ము వస్తే ముందుగా చెప్పాలి. మా నాన్న ప్రతి మర పెట్టేటప్పుడూ ఊపిరి బిగబట్టేవాడు, అది కూర్చున్నాక మెల్లగా "రామా" అని వదిలేవాడు. నేనూ ఆయనతోపాటే బిగబట్టి ఆయనతోపాటే వదిలేదాన్ని. రోజంతా మేమిద్దరం ఒక్క ఊపిరి మీద బతికినట్టుండేది. ఎదిగే కొద్దీ నా చేతికి కూడా చిమ్టా ఇచ్చాడు, కంటికి పెట్టుకునే భూతద్దం ఇచ్చాడు, అయినా నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆ గుడ్డ అంచే.

ఇంతకీ ముక్కంటి సంగతి చెప్పాలి. దుమ్ముగూడెం దగ్గర గోదావరి నీటి వేగం కొలిచే ఆఫీసరు ఒకాయన బాగుచేయమని ఒక వాచీ పంపించాడు. దానికి పక్కన చావితోపాటు రెండు బటన్లు, ముఖం మీద పెద్ద గడియారం లోపల మూడు బుల్లి గడియారాలు ఉన్నాయి. అది బాగైన రోజున మా నాన్న నన్ను సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని తానే తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆ ఆఫీసరు మంచివాడు, మమ్మల్ని గట్టు మీద నిలబెట్టి ఎట్లా వాడతారో చూపించాడు. ఎగువన ఒక మనిషి నీళ్ళలో చెక్కముక్క వదిలాడు, ఈయన బటను నొక్కాడు, సన్నని పొడుగు ముల్లు పరుగు మొదలుపెట్టింది. చెక్క దిగువన పాతిన గుర్తు దాటగానే మళ్ళీ నొక్కాడు, ముల్లు టక్కున ఆగిపోయింది. రెండో బటను నొక్కితే అది ఎక్కడున్నా సరే ఒక్క దూకులో పన్నెండు దగ్గరికి వచ్చి నిలబడింది. తరవాతి చెక్కకు మా నాన్నను నొక్కమన్నాడు. అంత పెద్ద గోదావరిని మా నాన్న బొటనవేలితో ఆపినట్టు నాకు అనిపించింది. ఇంటికొచ్చేటప్పుడు పర్ణశాల దారి మలుపు దాటాక, అట్లాంటిది కొనే తాహతు మనకు ఈ జన్మకు లేదమ్మడూ, కానీ కూర్చే చేతులు ఇచ్చాడు కదా దేవుడు, అన్నాడు. అమ్మడు అంటే నేను. ఆ పిలుపు ఆయన ఒక్కడిదే.

ఆ రోజు నుంచి నా పెళ్ళి దాకా మా ఇంట్లో ఆ వాచీ ముక్కలు ముక్కలుగా చేరుతూ వచ్చింది. ఇప్పటి లాగా వేలితో నొక్కితే ఇంటికి వచ్చేవి కావు. పండక్కి బట్టలు కొనడానికని హైదరాబాద్ వెళ్ళిన మా నాన్న పాత సామాన్ల అంగడిలో తిరిగి తిరిగి, తుప్పు పట్టి బిగుసుకుపోయిన స్టాప్ వాచీ మిషనును రుమాలులో కట్టుకుని వచ్చాడు, బట్టలు తేలేదని మా అమ్మ ఆ పండక్కి ఆయనతో మాట్లాడలేదు. కేసు ఖమ్మంలో ఒక కంసాలి దగ్గర దొరికింది, బటన్లు లేకుండా. ఒక బటను ఇంకో చచ్చిన వాచీ నుంచి తీశాం, రెండోదాని లోపలి పుల్ల సైకిలు చక్రం పుల్లను అరగదీసి చేశాం. డయలేమో గోదావరి వరదలో మునిగిన ఒక వాచీది, దాని ఆసామి వచ్చి చూసి ఇది నాకొద్దు నువ్వే ఉంచుకొమ్మన్నాడు. ముళ్ళు తలా ఒక జాతివి. వాటిని ఇత్తడి పొడిలో పెట్టి దీపం మీద కాచి నీలి రంగు తెప్పించాం, నెమలి మెడ రంగు ఉంటుంది చూడండి, అట్లా తేలేదాకా కాచాలి, ఒక్క క్షణం ఎక్కువైతే నల్లబడుతుంది. దొరికిన ప్రతి ముక్కనూ నాన్న మా అమ్మ జీలకర్ర డబ్బాలో వేసి దేవుడి గూట్లో రామయ్య పటం పక్కన పెట్టేవాడు. సాయంత్రం దీపం పెట్టినప్పుడు మా అమ్మ, ముందు ఆ ఇనుప ముక్కలకు పెట్టి తర్వాత దేవుడికి పెట్టమంటావా అని సతాయించేది.

డయలు నాది. ఇంగ్లీషు అంకెలు గీకి పారేసి తెల్ల రంగు పూశాక, దాని మీద తెలుగు అంకెలు రాద్దామన్నది నా ఆలోచనే. పంచాంగంలో చూసి నేర్చుకున్న అంకెలు. ఉడత తోక వెంట్రుకలతో కట్టిన సన్నని కుంచెతో, కంటికి అద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి రాశాను. మూడు, ఆరు, తొమ్మిది ఉండాల్సిన చోట ఆ బుల్లి గడియారాలు వచ్చాయి కాబట్టి ఆ మూడు అంకెలూ రాయనక్కర్లేకపోయింది. మూడు కళ్ళున్న మొహం చూసి మా నాన్న దానికి ముక్కంటి అని పేరు పెట్టాడు. రామభక్తుడి ఇంట్లో శివుడి పేరేమిటని అమ్మ అంటే, పడనిది మనుషులకే గానీ వాళ్ళిద్దరికీ కాదని నవ్వాడు. ఆ మాట అన్న కొన్నాళ్ళకే కుసుమంచిలో శివాలయానికి దగ్గర్లో వ్యవసాయం చేసుకునే వాళ్ళ ఇంట్లో నాకు సంబంధం కుదరడం కూడా దేవుడి లీలే అనుకుంటాను.

నన్ను అత్తవారింటికి పంపేటప్పుడు మా నాన్న ఒక మాట అన్నాడు. ఇంకా కొన్ని చక్రాలు దొరకాలి, అవన్నీ దొరికాక నువ్వు పురుటికి వస్తావు కదా, అప్పుడు ఇద్దరం కలిసి కూర్చుదాం, అన్నాడు. నాకు మెట్టెలు తొడిగినప్పుడు కాదు, ఆ మాట విన్నప్పుడే ఏడుపొచ్చింది.

నా పెళ్ళైన ఏడాదే మా అన్నకు తిరుమలాయపాలెం పిల్లను చేశారు. అన్నకు వాచీ పని మీద ఎప్పుడూ మనసు లేదు, కాగితాల మిల్లులో ఉద్యోగం చూసుకున్నాడు. కొత్త కోడలు పది దాకా చదివింది, చలాకీ మనిషి, ఊరికే కూర్చోవడం చేతకాదు. నేను ఏడో నెలలో పుట్టింటికి వచ్చేసరికి వసారాలో బల్ల పక్కన పీట మీద ఆవిడ కూర్చుని ఉంది. ఒడిగుడ్డ అంచు ఆవిడ నడుముకు ఉంది. నన్ను చూసి లేవబోయి, లేస్తే గుడ్డలో ఉన్నవి పడతాయని మళ్ళీ కూర్చుని, అక్కడి నుంచే నవ్వుతూ పలకరించింది.

"అగో, మరదలు పిల్ల వచ్చింది! లోపలికి పో, కాళ్ళు కడుక్కో. నేను లేస్తే మామ గుండె ఆగుతది."

మా నాన్న చిమ్టా పట్టుకునే తల ఊపాడు. అద్దం కంటిలోంచి తియ్యలేదు. నేను కాళ్ళు కడుక్కున్నాను.

పురుడొచ్చేదాకా ఆ పీట నాకు ఇస్తుందేమోనని చూశాను. అడిగితే ఇచ్చేదే. కానీ కడుపుతో ఉన్నదాన్ని వంగి కూర్చోనియ్యలేదు మా అమ్మ. పైగా ఇంకా ఒక చక్రం రావాల్సి ఉంది, అది హైదరాబాద్ నుంచి ఎవరో తెస్తామన్నారు. మా నాన్నకు కళ్ళల్లో పువ్వేస్తోంది. ఆపరేషన్ చెయ్యాలి, చేశాక ఏడాదిపాటు సన్నపని వద్దు, ఆ తర్వాత కూడా మునుపటి చూపు వస్తుందని చెప్పలేం అన్నారు దవాఖానాలో. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, ముక్కంటి నడుస్తుంటే తన కళ్ళతో తాను చూసుకోవాలి. నా కోరికా ఒక్కటే, అది నడిచే క్షణాన ఆ గుడ్డ అంచు నా నడుముకు ఉండాలి. రోజూ సాయంత్రం పడుకుని రామయ్యకు చెప్పుకునేదాన్ని, చక్రం జల్దీ తెప్పించు తండ్రీ, బిడ్డను కొంచెం ఆలస్యంగా పంపినా సరే, అని.

ఆయన బిడ్డను ముందు పంపాడు. బంగారంలాంటి కొడుకు, చక్కటి కాన్పు, ఆ విషయంలో ఆయన నాకు ఏ లోటూ చేయలేదు. ఆ వారంలోనే చక్రం వచ్చింది.

మన తరం బాలింతలకు ఎన్ని కట్టుబాట్లో మీకు తెలుసు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కాళ్ళకు మేజోళ్ళు, తలుపులు ఓరగా వేసి గాలి తగలకుండా గది, మంచం కింద కుంపటి. చల్లనీళ్ళు లేవు, ఉల్లికారం లేదు. అన్నిటినీ మించి, పచ్చి బాలింత కళ్ళకు పని చెప్పకూడదు. సూదిలో దారం ఎక్కించకూడదు, పుస్తకం చదవకూడదు, దీపం వంక తేరిపార చూడకూడదు, చూస్తే నలభై ఏళ్ళకే చూపు పోతుందని మా అమ్మ గట్టి నమ్మకం. ఇంక వాచీ అద్దం మాట ఎత్తగలనా? పురుటి మైలలో నాన్న పనిముట్లు ముట్టుకోనే కూడదు, వాటికి దసరాకు పూజ చేస్తాం కదా. పురుడు వెళ్ళేదాకా ఆగుదామని మా నాన్న ఒకసారి అన్నాడట. అమ్మే, నీ కళ్ళు ఆగుతాయా, నీకేమన్నా హామీ ఇచ్చాయా అని అడిగిందట. ఆయన చిమ్టా అందుకున్నాడట.

అట్లా మా గది తలుపుకు అవతల, నాలుగు అడుగుల దూరంలో, నా ముక్కంటి కూర్పు మొదలైంది. చెవుల్లో దూది ఉంది కాబట్టి మాటలు సగం వినిపించేవి, సగం వినిపించేవి కావు. ఓరగా వేసిన తలుపు సందులోంచి మా నాన్న ఎడమ భుజం కనిపించేది, ఆయన ఊపిరి బిగబట్టడం ఆ భుజాన్ని బట్టి తెలిసేది, నేను మంచం మీద పిల్లవాడికి పాలిస్తూ ఆయనతోపాటే బిగబట్టేదాన్ని. భుజం కిందికి దిగేది, నేను వదిలేదాన్ని. ఆవిడ కూడా అప్పుడే వదులుతుందని గుర్తొచ్చేది. అప్పుడు మాత్రం గోడ వైపు తిరిగేదాన్ని.

చివరికి అన్నీ కూర్చారు, డయలు పెట్టారు, ముళ్ళు ఎక్కించారు. గడియారం నడిచింది. బటను నొక్కితే పొడుగు ముల్లు పరుగెత్తింది, నొక్కితే ఆగింది. రెండో బటను నొక్కితే మాత్రం పన్నెండు దగ్గర నిలబడకుండా ఒక గీత అవతల నిలబడింది. మళ్ళీ చేస్తే ఇంకో గీత అవతల, వాళ్ళ మాటలు దూదిలోంచి నాకు ఆ మాత్రం అందాయి. స్టాప్ వాచీ లోపల గుండె ఆకారంలో ఒక బుల్లి బిళ్ళ ఉంటుంది, రెండో బటను నొక్కగానే ఒక సుత్తి వచ్చి దాన్ని కొడుతుంది, ఆ దెబ్బకు బిళ్ళ తిరిగి తన చోటుకు వస్తుంది, దానితోపాటు ముల్లు కూడా రావాలి. వాళ్ళు సుత్తిది తప్పనుకున్నారు. ముళ్ళు తీసి, డయలు తీసి, సుత్తిని చూసి, మళ్ళీ అన్నీ పెట్టారు, మళ్ళీ అదే. ఆ పూటంతా టప్, టప్ అని ఆ సుత్తి చప్పుడు దూదిలోంచి కూడా నాకు వినిపిస్తూనే ఉంది. మా నాన్న భుజం కిందికి జారిపోతూ ఉంది.

నాకు తెలుసు. ఆ ముల్లు వేరే వాచీది. దాని గొట్టం ఇరుకుగా ఉందని నా పెళ్ళికి ముందు మేమే లోపల గీకాం, కాస్త ఎక్కువే గీకాం, వదులైంది, కూర్చేటప్పుడు నొక్కి బిగిద్దాం లెమ్మని డబ్బాలో వేశాం. సుత్తి దెబ్బకు బిళ్ళ తన చోటుకే వస్తోంది, వదులు గొట్టం వల్ల ముల్లు జారుతోంది. నాన్న మర్చిపోయాడు. ఆ సంగతి తెలిసిన మనిషిని భూమ్మీద నేనొక్కదాన్నే, నాన్నకు నా అవసరం పడింది. ఎంత సంతోషమో చెప్పలేను. "నాన్నా, ముల్లు గొట్టం వదులు!" అని మంచం మీద నుంచే కేక పెట్టాను. చెవుల్లో దూది ఉంటే మన గొంతు మనకు తెలియదు. ఎంత గట్టిగా అరిచానో గానీ పిల్లవాడు ఉలిక్కిపడి గుక్కపట్టాడు, అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏందే ఆ కేకలు, పచ్చి బాలింతవి! కుట్లు తెగుతయ్! నరాలు గుంజుతయ్!"

"అమ్మా, నాన్నకు చెప్పు, ముల్లు గొట్టం..."

"ముందు పిల్లగాణ్ణి ఎత్తుకో. గొట్టం గోదాట్ల పడ!" అంటూ తలుపు గట్టిగా మూసేసింది, ఆ కాస్త సందు కూడా పోయింది. వాడు ఊరుకునేసరికి చాలాసేపు పట్టింది. బతిమాలగా బతిమాలగా, సరే చెప్తాను, నోరు మూసుకుని పడుకో, అని అమ్మ బయటికి వెళ్ళింది. వెళ్ళి వెంటనే వచ్చింది.

"చెప్పిన. మీ వదిన అప్పటికే చూసిందంట. గొట్టం నొక్కి బిగిస్తున్నది."

అంతే. అమ్మకు అదొక కబురు. తమలపాకు మడుచుకుంటూ చెప్పింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. మైల కాబట్టి మా నాన్న లోపలికి రాకుండా గడప అవతలే నిలబడి చెయ్యి చాపాడు, అరచేతిలో ముక్కంటి ఉంది. "చూడమ్మడూ" అన్నాడు. బటను నొక్కాడు, నీలి ముల్లు నా అంకెల మీదుగా పరుగెత్తింది. నొక్కాడు, ఆగింది. రెండోది నొక్కాడు, ఎగిరొచ్చి పన్నెండు మీద నిటారుగా నిలబడింది. ఆయన ముఖం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. బాగుంది నాన్నా అన్నాను. నిజంగానే బాగుంది. కానీ నేను చూస్తున్నది వాచీ వంక కాదు. ఆయన వెనక మా వదిన నిలబడి ఉంది, హడావుడిలో బల్ల మేకుల నుంచి ఊడదీసుకునే వచ్చేసినట్టుంది, ఒడిగుడ్డ ఆవిడ నడుముకు ఇంకా వేలాడుతూనే ఉంది.

ఆపరేషన్ అయ్యాక కూడా వదినను పక్కన కూర్చోబెట్టుకునే మా నాన్న కొట్టు నడిపాడు, ఆ వాచీని పోయేదాకా చేతికి పెట్టుకున్నాడు. ఆయన తరవాత అది ఇంటి వస్తువు కాబట్టి మా అన్నకు, అన్న పోయాక మా వదినకు చేరింది. నాకు కంటి అద్దం ఇచ్చారు. దాంతో పంచాంగం సన్న అక్షరాలు చదువుకుంటాను, చూపు మా అమ్మ భయపడినట్టు నలభైకి పోలేదు, ఆ అద్దం పుణ్యాన ఇప్పటికీ పని నడుస్తోంది. రోజూ పొద్దున తలస్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, ముక్కంటికి చావి ఇచ్చేది మాత్రం మా వదిన. ఖమ్మం ఎప్పుడు వెళ్ళినా ఆ వేళకు నేను లేచి ఉంటాను. లేచి, నిద్రపోతున్నట్టు పడుకుని ఆ కిర్ర్ కిర్ర్ చప్పుడు వింటాను.

సరే, ఆ మధ్యాహ్నం సంగతికి వస్తాను. నేను గట్టిగా అనేసరికి మనవరాలు నవ్వి, ముత్తాత ముక్కంటిని చేసేటప్పుడు ఆయన పక్కన మీ ఇద్దరిలో ఎవరున్నారు అని అడిగింది. ఇద్దరం ఒకేసారి "నేనే" అన్నాం. ఆ పిల్లకు భలే వేడుకైంది.

మా వదిన అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "కూర్చున్నది నేనే బిడ్డా, అబద్ధమెందుకు. కానీ ఆ బల్ల కాడ మామ నన్ను ఒక్కనాడు కోడలా అని పిలువలే. అమ్మడూ చిమ్టా ఇయ్యి, అమ్మడూ దీపం జరుపు. పనిల మునిగినంక ఆయనకు ఇగో, ఈ మీ అమ్మమ్మే కనబడేది. నేను కాదు మామా అంటే నొచ్చుకుంటడని అట్లనే పలికేదాన్ని. ఏండ్లకు ఏండ్లు పలికిన" అని నా వైపు తిరిగి, "నీకేం తెలుసు మరదలు పిల్లా, నిన్ను చూస్తే నాకెంత కుళ్ళుగుండేదో" అంది.

ఇది విని నా మనసు చల్లబడి ఉంటుందని మీరు అనుకుంటారు. ఆవిడా అట్లాగే అనుకుని చెప్పింది. నాకేమో, పీట పోయింది, గుడ్డ పోయింది, వాచీ పోయింది, ఇన్నేళ్ళుగా నాకొక్కదానికే ఉందనుకున్న ఆ పిలుపు కూడా ఏళ్ళ తరబడి ఆవిడకే అందిందన్నమాట, అనిపించింది. నన్ను ఆయన అట్లా పిలిచింది పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళు. ఆవిడను అంతకంటే ఎక్కువే పిలిచి ఉంటాడు. లోపల మళ్ళీ భగ్గుమంది. నా ముఖం చూసి ఆవిడకు తెలిసిపోయింది కాబోలు, ఫక్కున నవ్వింది.

"ఇంక చల్లారదానే నీది?"

"లేదు" అన్నాను. నాకూ నవ్వొచ్చింది.

"మీ ఇద్దరూ కొంచెం జరగండి, వెలుగుకు అడ్డమొస్తున్నరు" అంది మనవరాలు. జరిగాం. మంచం మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆ పిల్ల సెల్‌ఫోను ఎదురుగా నిలబెట్టుకుంది, ఎక్కడివాడో ఒకడు దానిలో చేసి చూపిస్తున్నాడు, అతను ఆగమన్న చోట ఆగి, తిప్పమన్నట్టు తిప్పి, తన పని తను చేసుకుపోయింది. చెయ్యి మంచిది. చక్కగా కుదురుతోంది. ముక్కలన్నీ వారంలో వచ్చేశాయట, ఆదివారానికి పూర్తవుతుందట. ఆ వాచీ మా ముక్కంటికంటే ముచ్చటగా ఉంటుంది, ఏ గీతా దాటకుండా నిలబడుతుంది, దేవుడు ఆ పిల్లను చల్లగా చూడాలి. కానీ ఆ బల్ల పక్కన నాకు చోటు కావాలని ఆ ఇంట్లో ఎవరూ ఏడవడం లేదు. వాళ్ళమ్మ వంటింట్లో ఉంది, తమ్ముడు చెవుల్లో తీగలు పెట్టుకుని గదిలో ఉన్నాడు. పక్కన స్టూలు ఖాళీగా ఉంది, అది ఖాళీగా ఉందని ఆ పిల్లకు తెలియను కూడా తెలియదు. మా రోజుల్లో ఒక వాచీ కూర్చడానికి అన్నేళ్ళు పట్టేది, ఆ అన్నేళ్ళలో ఎంతమంది ఎన్నిసార్లు అలిగేవాళ్ళు, ఎంతమంది పక్కన కూర్చోవాలని కొట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు వస్తువు తొందరగా వస్తోంది, దాని చుట్టూ మనుషులు చేరేంత వ్యవధి ఉండటం లేదు.

మర్నాడు కుసుమంచి బస్సులో కూర్చున్నాక అలవాటు కొద్దీ రామయ్యకు కృతజ్ఞతలు చెప్పుకోవడం మొదలుపెట్టాను. వ్రతం బాగా జరిగినందుకు, పిల్లలు క్షేమంగా ఉన్నందుకు, మోకాళ్ళు ఈమాత్రమైనా నడుస్తున్నందుకు. వాటి తరవాత, అడగాలని అనుకోకుండానే, మా వదిన ఆయుష్షు అడిగాను. మంచితనంతో కాదు. మా నాన్న ఊపిరి బిగబట్టి "రామా" అని వదలడం విన్నవాళ్ళం ఈ లోకంలో ఇక ఇద్దరమే మిగిలాం. ఆవిడ పోతే ఆయనంతా నాకొక్కదానికే మిగులుతాడు. చిన్నప్పటి నుంచీ నేను కోరుకున్నది అదే కదా. బస్సు కదులుతుంటే, అది మాత్రం వద్దు తండ్రీ అని గట్టిగా దండం పెట్టుకున్నాను.